మాంసం ముట్టకపోతే చాలా? తిండి, వాతావరణం: అపోహలు - వాస్తవాలు

వరి పొలాల్లో నీటి యాజమాన్యం మీద రైతులతో పనిచేస్తుంటాను. తిండికీ వాతావరణానికీ ఉన్న లింకు గురించి మాట ఎత్తగానే ముందు వినపడేది ఇదే: "మేం మాంసం ముట్టమండీ, మావల్ల నష్టమేముంది?"

అపోహ: శాకాహారమైతే చాలు.

వాస్తవం: మాంసం మానేస్తే భారం తగ్గే మాట నిజమే. మరి రెండు పూటలా తినే అన్నం సంగతి? నీళ్లు నిలిపిన మడిలో దిగి నడవండి, అడుగు వేసినచోటల్లా బుడగలు తేలతాయి. గాలి తగలని బురదలో సూక్ష్మజీవులు పాత మోళ్లను, గడ్డిని కుళ్లబెడుతుంటే పుట్టే మీథేన్ అది, వందేళ్ల లెక్కన కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 27 రెట్లు ఎక్కువ వేడి పెంచుతుంది.

అలాగని అన్నం మానేయమని చెప్పను. చిల్లులు పెట్టిన పైపు ముక్కను మడిలో పాతి, అందులో నీళ్లు నేలమట్టానికి 15 సెంటీమీటర్ల కిందికి దిగాకే మళ్లీ తడి ఇవ్వమంటాం, పూత దశలో మాత్రం పల్చగా నీళ్లు ఉంచాలి. పైన నెర్రె కనపడగానే రైతుకు టెన్షన్ మొదలవుతుంది. పైపులోకి తొంగిచూసి, కింద వేళ్లకు తడి అందుతోందని తెలిశాక కుదుటపడతారు. ఇలా చేస్తే మీథేన్ మూడో వంతు నుంచి సగం దాకా తగ్గుతుంది, దిగుబడి పెద్దగా పడిపోదు. యూరియా మాత్రం అతిగా వేయకూడదు, వేస్తే నైట్రస్ ఆక్సైడ్ అనే ఇంకో వేడి పెంచే వాయువు పెరిగి ఆ లాభంలో కొంత పోతుంది.

అపోహ: మాంసం అంతా ఒకటే.

కాదు. మేక, గొర్రె, ఆవు, గేదె నెమరువేసే జీవాలు. మడి బురదలో జరిగే పనే వాటి పొట్టలోనూ జరిగి, త్రేన్పులతో మీథేన్ బయటికొస్తుంది. కోడికి ఆ పొట్ట లేదు, దాని భారం ఎక్కువగా మేతకు వేసే మొక్కజొన్న, సోయాలోనే ఉంటుంది. అందుకే కిలోకు కిలో చూస్తే మటన్ కంటే చికెన్ చాలా నయం. ఈ మీథేన్ లెక్క ఆవు, గేదె పాలకీ, నెయ్యికీ వర్తిస్తుంది, ఇది చెప్తే చాలామంది నొచ్చుకుంటారు కానీ చెప్పక తప్పదు.

అపోహ: దూరం నుంచి వచ్చిందే చెడ్డది.

119 దేశాల్లోని 38 వేలకు పైగా పొలాల సమాచారంతో 2018లో వచ్చిన అధ్యయనం చూస్తే, తిండి వల్ల వెలువడే వాయువుల్లో రవాణా వాటా పదో వంతు కూడా లేదు. విమానంలో తెప్పించే పండ్లు వేరే సంగతి.

మరి ఏం తినమంటారు అని అడిగితే నేను ముందు చెప్పేది కందిపప్పే. మడిలా నీళ్లు నిలపక్కర్లేదు, నత్రజనిని గాలిలోంచి తానే పట్టుకుంటుంది కాబట్టి యూరియా కూడా పెద్దగా అక్కర్లేదు. కంది మొక్కను వేళ్లతో సహా పీకి, వేళ్ల మీది బుడిపెను గోటితో చిదమండి, లోపల ఎర్రగా ఉంటే ఆ పని జరుగుతున్నట్టే.