హేజెల్టన్ బడి తగాదా: మొక్కజొన్న చేలోకి పరుగెత్తిన పిల్లలు

1965 నవంబర్ 19, శుక్రవారం. అమెరికాలోని అయోవా రాష్ట్రంలో, హేజెల్టన్ అనే చిన్న ఊరి దగ్గర, ఆమిష్ అనే క్రైస్తవ శాఖవాళ్ల బడి ముందు స్కూలు బస్సు ఆగింది. ఆ బడిలోని పిల్లలను ఎక్కించుకుని ఊళ్లోని ప్రభుత్వ పాఠశాలకు తరలించడానికి అధికారులు తెచ్చిన బస్సు అది. పిల్లలను బయటికి తెచ్చి బస్సు వైపు నడిపిస్తుండగా ఎవరో జర్మన్‌లో ‘పరుగెత్తండి’ అని కేక పెట్టారు. వరుస ఒక్కసారిగా చెదిరిపోయింది. పిల్లలు కంచె దాటి పక్కనున్న మొక్కజొన్న చేలోకి పరుగు తీశారు. ‘డి మోయిన్ రిజిస్టర్’ పత్రిక ఫొటోగ్రాఫర్ ఆ క్షణాన్ని కెమెరాలో పట్టుకున్నాడు. చేను వైపు పరుగెడుతున్న పిల్లల వీపులే కనబడే ఆ ఫొటో దేశమంతా అచ్చయింది.

పిల్లల చదువు మీద చివరి మాట తల్లిదండ్రులదా, ప్రభుత్వానిదా అన్న వాదన అమెరికాలో ఇప్పటికీ తెగలేదు. 2025 జూన్‌లో మేరీలాండ్ బడుల్లోని కథల పుస్తకాలపై వచ్చిన ‘మహ్మూద్ వర్సెస్ టేలర్’ కేసులో సుప్రీంకోర్టు తల్లిదండ్రుల పక్షాన తీర్పు చెప్పింది. అందులో బలంగా ఆధారం చేసుకున్నది 1972 నాటి ఒక ఆమిష్ కేసునే. ఆ కేసుకు ముందు నడిచిన కథ హేజెల్టన్‌ది.

ఆమిష్ వాళ్లు చదువుకు వ్యతిరేకులన్న మాట తరచూ వినబడుతుంది. అది నిజం కాదు. 1693లో స్విట్జర్లాండ్, అల్సాస్ ప్రాంతాల్లో యాకోబ్ అమ్మన్ వెంట విడివడిన ఈ క్రైస్తవ శాఖ, 18వ శతాబ్దంలో పెన్సిల్వేనియాకు వలస వచ్చింది. ఇంట్లో జర్మన్ యాస, పొలంలో గుర్రాలు, రోడ్డు మీద గుర్రబ్బండి, ఇంటికి కరెంటు తీగ ఉండకూడదన్న కట్టుబాటు. అయినా 20వ శతాబ్దం తొలినాళ్ల దాకా వాళ్ల పిల్లలు ఇరుగుపొరుగు రైతుల పిల్లలతో కలిసి ప్రభుత్వ బడికే వెళ్లారు. ఎందుకంటే ఆ బడి ఒకే గది. ఒకే టీచరు ఎనిమిది తరగతులకూ పాఠం చెప్పేవారు. పెద్దపిల్లలు చిన్నపిల్లలకు అక్షరాలు దిద్దించేవారు. బడి నడిచి వెళ్లే దూరంలో ఉండేది. సాయంత్రం ఇంటికి రాగానే పాలు పితికే వేళకు పిల్లలు అందేవారు. ఇంగ్లిషు చదవడం, రాయడం, లెక్కలు రావాలని తల్లిదండ్రులే కోరుకునేవారు.

ఆ గది బడులను మూసి, పది ఊళ్ల పిల్లలను బస్సుల్లో ఒక పెద్ద భవనానికి చేర్చాలని రాష్ట్రాలు తలపెట్టినప్పుడే తగువు మొదలైంది. 1937లో పెన్సిల్వేనియాలోని ఈస్ట్ లాంపెటర్‌లో ఆమిష్ వాళ్లు ఇలాంటి విలీనాన్నే ఎదిరించారు. హేజెల్టన్‌దీ అదే గొడవ. దీన్ని మతానికీ చట్టానికీ మధ్య పోరుగా చెప్పుకోవడం అలవాటైపోయింది. నాకు మాత్రం ఇది ముందుగా బడుల విలీనం కథగానే కనిపిస్తుంది.

1960ల ఆరంభంలో హేజెల్టన్ బడులను పక్కనున్న ఓల్‌వైన్ పట్టణ జిల్లాలో కలపాలన్న ప్రతిపాదన ఓటింగుకు వచ్చింది. ఊళ్లో చాలామందికి అది నచ్చలేదు. విలీనానికి మద్దతిస్తే తమ గది బడులు కొనసాగుతాయని మాట ఇచ్చారని ఆమిష్ పెద్దలు చెప్పారు. విలీనం గెలిచింది, ఆ మాట మాత్రం నిలవలేదు. విలీనానికి మద్దతిచ్చిన ఆమిష్ వాళ్ల మీద ఊరివాళ్ల కోపం మిగిలింది. అప్పుడు వాళ్లు సొంత బడులు తెరిచి, ఎనిమిదో తరగతి దాకా చదివిన తమ అమ్మాయిలనే టీచర్లుగా పెట్టుకున్నారు. అయోవా చట్టం ప్రకారం టీచరుకు ప్రభుత్వ ధ్రువపత్రం ఉండాలి. తండ్రులకు జరిమానాలు పడ్డాయి. కడితే తప్పు ఒప్పుకున్నట్టేనని వాళ్లు కట్టలేదు. విషయం ఆస్తుల జప్తు దాకా వెళ్లింది. ఆ తర్వాతే బస్సు వచ్చింది.

ఫొటో చూసి దేశం నలుమూలల నుంచీ జనం ఆగ్రహించారు. ఒకప్పుడు లారీ నడిపిన గవర్నర్ హెరాల్డ్ హ్యూజ్ కలగజేసుకుని బలప్రయోగం ఆపించారు. ధ్రువపత్రం ఉన్న టీచర్ల జీతానికి ఒక ప్రైవేటు సంస్థ డబ్బు ఇవ్వడంతో కొంత ఊపిరి దొరికింది. 1967లో అయోవా శాసనసభ ఆమిష్ బడులకు మినహాయింపు పొందే దారి కల్పించింది. అదే ఏడాది, ఆమిష్ వాళ్ల తరఫున పోరాడేందుకు ఆమిషేతరులు కలిసి ఒక జాతీయ కమిటీ పెట్టారు. కోర్టుకెక్కడం ఆమిష్ విశ్వాసానికి సరిపడదు గనుక, వాళ్ల కోసం ఇంకెవరో ఎక్కాల్సి వచ్చింది.

ఆ కమిటీయే విస్కాన్సిన్‌లోని న్యూ గ్లారస్ కేసును చేపట్టింది. పదహారేళ్లు నిండేదాకా బడికి పంపాలన్న చట్టాన్ని కాదని, ఎనిమిదో తరగతితో పిల్లలను మాన్పించిన ముగ్గురు తండ్రులకు అక్కడ తలా 5 డాలర్ల జరిమానా పడింది. ఆ 5 డాలర్ల కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1972 మే 15న ‘విస్కాన్సిన్ వర్సెస్ యోడర్’ తీర్పు వచ్చింది. ఆమిష్ జీవితంలో మతమూ సేద్యమూ విడదీయలేనివని, పొలంలో నేర్చుకునే పని కూడా చదువేనని ప్రధాన న్యాయమూర్తి వారెన్ బర్గర్ అంగీకరించారు.

ఆ తీర్పులో నన్ను వదలనిది జస్టిస్ విలియం డగ్లస్ పాక్షిక అసమ్మతి. ఆ బిడ్డ పియానో వాయించాలనుకోవచ్చు, వ్యోమగామి కావాలనుకోవచ్చు, సముద్రాన్ని పరిశోధించాలనుకోవచ్చు, ముందు ఆ బిడ్డను అడగండి అన్నారాయన. హేజెల్టన్ బస్సు విషయంలో నేను పిల్లలను దాచిన చేను పక్షమే. అయినా డగ్లస్ మాటను తోసెయ్యలేను. చేలోకి పరుగెత్తిన పిల్లల మనసులో ఏముందో ఆ ఫొటో కూడా చెప్పదు. న్యూ గ్లారస్ కేసులో ముగ్గురు పిల్లల్లో కోర్టు ముందు నోరు విప్పింది ఒక్క అమ్మాయి. తన విశ్వాసం వల్లే హైస్కూలుకు వెళ్లడం లేదని ఆమె చెప్పింది. ఆమె తండ్రి విషయంలో డగ్లస్ తీర్పుతో ఏకీభవించారు. మిగతా ఇద్దరు పిల్లల అభిప్రాయం రికార్డులో లేదని, వారి తండ్రుల విషయంలో విభేదించారు.