తమ్ముడికి మళ్ళీ నీళ్ళే ఎందుకు?

పిల్లలూ,

"తమ్ముడికి నీళ్ళ విరేచనాలు అవుతున్నాయి. కడుపులో నీళ్ళు ఎక్కువయ్యే కదా అలా పోతున్నాయి! మరి అమ్మ మళ్ళీ నీళ్ళే ఎందుకు తాగిస్తోంది?" అని మీలో ఒకరు రాశారు. ఈ అనుమానం పెద్దవాళ్ళలోనూ ఉంది. తాగితే ఇంకా పోతాయన్న భయంతో బిడ్డకు నీళ్ళు ఆపేసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. నీళ్ళ విరేచనాల్లో ప్రాణం మీదికి వచ్చేది చాలాసార్లు ఒంట్లోని నీరూ ఉప్పూ పోయి, పోయినది పూడకపోవడం వల్లనే. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడుగవుతుంది.

చిన్నపేగు లోపలి గోడలో కంటికి కనబడనంత చిన్న గేట్లుంటాయి. ఒక గేటు దగ్గర కాపలా తాత కూర్చున్నాడనుకోండి. మహా పట్టుదల మనిషి. చెల్లెలు ఒక్కతే వస్తే "మీ అన్నలేరీ?" అంటాడు. అన్నలే వస్తే "చెల్లాయిని ఎక్కడ వదిలారర్రా?" అంటాడు. ఇద్దరన్నలూ ఒక చెల్లెలూ చేతులు పట్టుకుని వస్తేనే గేటు తీస్తాడు. అన్నలంటే ఉప్పులోని సోడియం, చెల్లెలంటే గ్లూకోజు. పిల్లలు లోపలికి పోయాక అమ్మ బయట నిలబడుతుందా? వెనకాలే పోతుంది. ఆ అమ్మే నీరు. రోగక్రిములు పేగులో ఎంత గలాటా చేసినా ఈ తాత చాలావరకు గేటు వదలడు. చక్కెర మరీ ఎక్కువైతే మాత్రం చెల్లెళ్ళ గుంపు వచ్చిపడుతుంది. అన్నలు చాలరు, చెల్లెళ్ళు బయటే మిగిలిపోతారు. అమ్మ వాళ్ళను వదిలి లోపల ఉండలేక తనూ బయటికి వచ్చేస్తుంది. అంటే విరేచనం ఇంకా పెరుగుతుంది. కూల్‌డ్రింకులు, డబ్బాల్లో అమ్మే తియ్యటి పళ్ళరసాలు ఇవ్వొద్దనేది ఇందుకే.

ఈ గేటు సంగతి రాబర్ట్ క్రేన్ అనే శాస్త్రవేత్త 1960లో చెప్పాడు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నుంచి పారిపోయి వచ్చినవాళ్ళు పశ్చిమ బెంగాల్‌లోని బనగావ్ దగ్గర శిబిరాల్లో కిక్కిరిసి ఉన్నప్పుడు కలరా సోకింది. నరంలోకి ఎక్కించే సెలైన్ చాలలేదు. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, సోడా ఉప్పు నీళ్ళలో కలిపించి, కుళాయిలున్న డ్రమ్ముల్లో పోయించాడు. పక్కనున్న చుట్టాలే గ్లాసులతో పట్టుకెళ్ళి రోగులకు తాగించారు. నూటికి ముప్పై దాకా ఉన్న చావులు నాలుగు లోపుకు దిగాయి. ఒక డ్రమ్ము, ఒక కుళాయి, ఒక గ్లాసు! ఎన్నిసార్లు తలుచుకున్నా నాకు ఆశ్చర్యం తీరదు.

ఇప్పుడు ఇంట్లో చేయాల్సింది చెబుతాను, అమ్మానాన్నలకు చదివి వినిపించండి. ఇలా ఉప్పూ గ్లూకోజూ కలిపి ప్యాకెట్లలో అమ్మే పొడినే ఓఆర్‌ఎస్ అంటారు. ఆ ప్యాకెట్ వెనక ఎన్ని నీళ్ళలో కలపాలో రాసి ఉంటుంది. పెద్ద ప్యాకెట్ అయితే సాధారణంగా ఒక లీటరు. కాచి చల్లార్చిన నీళ్ళు కొలిచి పోసి, ప్యాకెట్ మొత్తం ఒక్కసారే కలపాలి. సగం పొడి గ్లాసులో వేసి అందాజుగా నీళ్ళు పోయడం వల్లే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. నీళ్ళు తగ్గితే ఉప్పు ఎక్కువై బిడ్డకు ప్రమాదం, పెరిగితే మందు పలచబడి పనిచేయదు. పాలలోనో రసంలోనో కలపకూడదు, కలిపాక కాచకూడదు. 24 గంటల్లో మిగిలింది పారబోసి కొత్తది కలుపుకోవాలి. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు నీళ్ళకు ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూన్ ఉప్పు. చెంచా మీద కుప్పగా ఉన్నది వేలితో చదును చేసి మరీ వేయాలి. ముందు మీరు రుచి చూడండి. కన్నీళ్ళకన్నా ఉప్పగా ఉంటే అది బిడ్డకు పట్టవద్దు.

విరేచనం అయిన ప్రతిసారీ రెండేళ్ళలోపు బిడ్డకు 50 నుంచి 100 మిల్లీలీటర్లు, అంతకు పెద్దవాళ్ళకు 100 నుంచి 200. దాహంతో ఉన్న పిల్లాడు గ్లాసు లాక్కుని గటగటా తాగి వెంటనే కక్కేస్తాడు, ఇంట్లోవాళ్ళు "మందు పడటం లేదు" అని మానేస్తారు. మానకండి. పది నిమిషాలు ఆగి, రెండు మూడు నిమిషాలకొక చెంచా చొప్పున మళ్ళీ మొదలుపెట్టండి. చెంచా పట్టుకుని కూర్చోవడం ఓపిక పని, కానీ ఆ చెంచాలే బిడ్డను నిలబెడతాయి.

ఇది విరేచనాలను ఆపే మందు కాదని ముందే తెలుసుకోండి. పోయినదాన్ని పూడుస్తూ ఉంటే, విరేచనాలు చాలామందికి కొద్ది రోజుల్లో వాటంతటవే తగ్గుతాయి. తల్లిపాలు, మామూలు తిండి ఆపకూడదు. జింకు 10 నుంచి 14 రోజులు ఇవ్వాలి: ఆరు నెలలు దాటితే రోజుకు 20 మిల్లీగ్రాములు, దాటకపోతే 10. విరేచనాలు తగ్గాయని మధ్యలో మానకూడదు. పేగు కదలికను బిగబట్టే మాత్రలు చిన్నపిల్లలకు వద్దు.

ఇక మీకొక పని. తమ్ముడి బొడ్డుకూ పక్కకూ నడుమ చర్మాన్ని రెండు వేళ్ళతో మెల్లగా పైకి పట్టి వదలండి. వెంటనే సర్దుకుంటే మంచిదే. మడత కాసేపు అలాగే నిలిచి మెల్లగా దిగితే నీరు బాగా తగ్గిందన్నమాట. కళ్ళు లోతుకు పోయాయా, ఏడిస్తే కన్నీరు వస్తోందా, నాలుక తడిగా ఉందా కూడా చూడండి. ఒంటేలు పోసిన వేళ కాగితం మీద రాయండి. ఆరు గంటలు దాటినా పోయకపోయినా, మలంలో రక్తం కనిపించినా, తాగలేకపోయినా, తాగిందంతా కక్కేస్తున్నా, మత్తుగా పడి ఉన్నా తెల్లారేదాకా ఆగమనకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళమనండి. దారిలోనూ చెంచాతో పట్టవచ్చు, బిడ్డ మెలకువగా ఉండి మింగగలిగితేనే. ఆ కాగితం కూడా ఇచ్చి పంపండి. డాక్టరు మొదట అడిగేవాటిలో అదొకటి.

మీ తాతయ్య