గ్రేడ్ 2 ఫ్యాటీ లివర్ అన్నారు, కొత్త మాత్ర మనకు పనికొస్తుందా?

కర్నూలు, అనంతపురం, కడప ఎక్కడైనా సరే, గ్యాస్ నొప్పి అనో కిడ్నీలో రాయి అనుమానమనో కడుపు స్కానింగ్ చేయించుకుంటే రిపోర్టు చివర్లో 'గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్' అనో 'గ్రేడ్ 2' అనో కనిపించడం ఇప్పుడు మామూలైపోయింది. షుగరు ఉన్నవాళ్లలో అయితే మరీ ఎక్కువ. ఆ కాగితం పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లినవాళ్లు అడిగే మాట ఒక్కటే: అమెరికాలో దీనికి కొత్త మాత్ర వచ్చిందంట, అది వేసుకుంటే పోతుందా?

ఆ మాత్ర పేరు రెస్మెటిరోమ్. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024 మార్చి 14న దీనికి అనుమతి ఇచ్చింది. ఫ్యాటీ లివర్ వల్ల వాపు వచ్చి మచ్చలు పడుతున్న కాలేయానికంటూ ఎఫ్‌డీఏ ఒప్పుకున్న మొదటి మందు ఇదే. అయితే ఆ అనుమతి కొవ్వు చేరిన ప్రతి కాలేయానికీ కాదు. మచ్చ ఎఫ్2, ఎఫ్3 దశల్లో ఉన్నవాళ్లకే. మనలో చాలామంది పొరపడేది సరిగ్గా ఇక్కడే. స్కానింగ్‌లో రాసే గ్రేడ్ 2 వేరు, ఎఫ్2 వేరు.

అల్ట్రాసౌండ్‌లో కాలేయం ఎంత తెల్లగా మెరుస్తోందో చూసి గ్రేడ్ వేస్తారు. అది కొవ్వుకు కొలత మాత్రమే. ఎఫ్ అంటే ఫైబ్రోసిస్, అంటే మచ్చ. కాలిన గాయం మానాక చర్మం గట్టిపడినట్టే, ఏళ్ల తరబడి వాచిన కాలేయం లోపల నారలాగా గట్టిపడుతుంది. ఎఫ్0 అంటే మచ్చ లేదు, ఎఫ్4 అంటే సిర్రోసిస్, అంటే కాలేయమంతా మచ్చలతో గట్టిపడిన దశ. గ్రేడ్ 3 ఉన్న మనిషికి మచ్చ అసలు లేకపోవచ్చు. గ్రేడ్ 1 అని తేలిగ్గా తీసుకున్న మనిషికి ఎఫ్3 ఉండొచ్చు. సిర్రోసిస్ ముదిరేకొద్దీ కాలేయంలో కొవ్వు తగ్గిపోవడం కూడా ఉంది. అంటే స్కానింగ్ రిపోర్టు మెరుగైనట్టు కనిపిస్తుంది, రోగం మాత్రం ముదురుతుంటుంది. ప్రాణానికి ముప్పు ఎంతన్నది తేల్చేది ఎక్కువగా మచ్చే, కొవ్వు కాదు.

కాబట్టి మందు సంగతి తర్వాత. మచ్చ ఎంత ఉందో ముందు తెలుసుకోవాలి. దీనికి మొదటి మెట్టు ఖరీదైన పరీక్ష కాదు, ఏ చిన్న ల్యాబులోనైనా చేసే రక్త పరీక్షలే చాలు. ఫిబ్-4 అనే లెక్క ఒకటుంది. దీనికి వయసు, ప్లేట్‌లెట్ల సంఖ్య, లివర్ రక్త పరీక్షలో ఉండే ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ అనే రెండు ఎంజైముల అంకెలు కావాలి. వయసును ఎస్‌జీఓటీతో గుణించాలి. ఎస్‌జీపీటీకి వర్గమూలం తీసి దాన్ని ప్లేట్‌లెట్ల సంఖ్యతో గుణించాలి. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే వచ్చేదే ఫిబ్-4. 52 ఏళ్ల మనిషికి ఎస్‌జీఓటీ 48, ఎస్‌జీపీటీ 64, ప్లేట్‌లెట్లు 1.8 లక్షలు అనుకుందాం. 52ను 48తో గుణిస్తే 2496. 64కు వర్గమూలం 8, దాన్ని 180తో గుణిస్తే 1440. భాగిస్తే 1.73 వస్తుంది.

ఈ లెక్కను ఫోన్లో వేసుకునేవాళ్లు రెండు చోట్ల బోల్తా పడుతున్నారు. మన ల్యాబులు ప్లేట్‌లెట్లను లక్షల్లో రాస్తాయి, లెక్కకు మాత్రం వేలల్లో కావాలి. 1.8 లక్షలంటే 180 అని వేయాలి. 1.8 అని వేస్తే జవాబు 173 వచ్చి గుండె గుభేలుమంటుంది. రెండోది ఎస్‌జీఓటీని, ఎస్‌జీపీటీని తారుమారు చేయడం. పై అంకెలనే తిప్పి వేస్తే 1.73 కాస్తా 2.67కు చేరుతుంది. 1.3 లోపు ఉంటే మచ్చ ముదిరి ఉండే అవకాశం తక్కువ, 65 దాటినవాళ్లకు ఆ గీత 2. అదే 2.67 దాటితే నిపుణుడి దగ్గరికి వెళ్లాల్సిందే. అంటే రెండు అంకెలు తారుమారైతే మనిషి మధ్యలోంచి ప్రమాదపు గీత మీదికి వచ్చి పడతాడు. ఇంకో మాట. డెంగీ వచ్చి ప్లేట్‌లెట్లు పడిపోయినప్పటి రిపోర్టుతో ఈ లెక్క వేయకూడదు. జ్వరం పూర్తిగా తగ్గి కోలుకున్నాక చేయించుకున్న పరీక్షే లెక్కకు పనికొస్తుంది. 35 ఏళ్ల లోపువాళ్లకు ఈ లెక్క అంత నమ్మకంగా పనిచేయదు.

1.3కీ 2.67కీ మధ్య వచ్చినవాళ్లకు తర్వాతి మెట్టు ఫైబ్రోస్కాన్. పక్కటెముకల మధ్య చిన్న పరికరం ఆనించి, తట్టినట్టు చిన్న అదురు పంపి, అది కాలేయంలో ఎంత వేగంగా ప్రయాణించిందో చూస్తారు. గట్టి కాలేయంలో వేగం ఎక్కువ. నొప్పి ఉండదు. రిపోర్టులో రెండు అంకెలుంటాయి. కిలోపాస్కల్స్‌లో ఉన్నది గట్టిదనం, క్యాప్ అని రాసింది కొవ్వు. మందు విషయంలో చూడాల్సింది మొదటిది. 8 లోపు ఉంటే మచ్చ గురించి కంగారు పడనక్కర్లేదు. 20 దాటితే సిర్రోసిస్ అనుమానించాలి. ఎఫ్2, ఎఫ్3 ఉండేది ఎక్కువగా ఈ రెండింటి మధ్యే.

ఈ పరీక్షకు కనీసం మూడు గంటల ముందు నుంచి ఏమీ తినకూడదు. దీన్ని ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. కర్నూలు నుంచి హైదరాబాదుకో అనంతపురం నుంచి బెంగళూరుకో తెల్లవారుజామున బయల్దేరి, దారిలో ఉగ్గాని బజ్జి తిని, నేరుగా మంచమెక్కితే అంకె ఉన్నదానికన్నా ఎక్కువ వస్తుంది. తిన్నాక కాలేయానికి రక్తం ఎక్కువ పారుతుంది, ఆ ఒత్తిడికి కాలేయం గట్టిగా తోస్తుంది. కామెర్లు ఉన్నప్పుడు, గుండె వైఫల్యం ఉన్నప్పుడు, ఈమధ్య బాగా మద్యం తాగినప్పుడు కూడా ఇంతే. రిపోర్టులో కనీసం పది కొలతలు సరిగ్గా వచ్చాయా అన్నది చూడమని అడగండి. లావుగా ఉన్నవాళ్లకు వేరే ప్రోబ్, అంటే పక్కటెముకల మధ్య ఆనించే పరికరం, వాడాలి.

ఇవన్నీ దాటి ఎఫ్2, ఎఫ్3 అని తేలినవాళ్లు రెస్మెటిరోమ్ నుంచి ఏం ఆశించొచ్చు? అనుమతికి ఆధారమైన పరిశోధనలో 966 మంది ఉన్నారు. 52 వారాల తర్వాత బయాప్సీ చేసి, అంటే కాలేయం నుంచి చిన్న ముక్క తీసి చూశారు. మచ్చ కనీసం ఒక దశ తగ్గినవాళ్లు 80 మిల్లీగ్రాముల మాత్ర వేసుకున్నవాళ్లలో 24.2 శాతం, 100 మిల్లీగ్రాములవాళ్లలో 25.9 శాతం. మందు లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 14.2 శాతం. మచ్చ ముదరకుండా వాపు తగ్గినవాళ్లు వరుసగా 25.9, 29.9, 9.7 శాతం. ఈ అంకెలను కళ్లు తెరిచి చూడాలి. వందమంది ఏడాదిపాటు వాడితే మచ్చ విషయంలో మందు వల్ల అదనంగా బాగుపడేది పది పన్నెండు మంది. ఇది నిజమైన మేలు. కానీ వాడినవాళ్లలో ఎక్కువమందికి మచ్చ తగ్గలేదన్నదీ అంతే నిజం. పైగా ఇది త్వరితగతిన ఇచ్చిన అనుమతి. లివర్ ఫెయిల్యూర్లను, మరణాలను తగ్గిస్తుందని పరిశోధన కొనసాగించి నిరూపించాలన్నది షరతు.

మందు పనిచేసే తీరు తెలిస్తే చాలా ప్రశ్నలకు జవాబు దొరుకుతుంది. థైరాయిడ్ హార్మోను సందేశాన్ని అందుకునే గ్రాహకాలు ప్రధానంగా రెండు రకాలు. గుండెలో, ఎముకల్లో ఆల్ఫా రకానిది పైచేయి, కాలేయంలో బీటా రకానిది. బీటా పనిచేస్తే కాలేయ కణాలు కొవ్వును కరిగించి వాడుకుంటాయి. వాపున్న కాలేయంలో ఈ పని మందగిస్తుంది. రెస్మెటిరోమ్ బీటాను ఎంచుకుని తడుతుంది, గుండెదడ రాకుండా చూసుకున్నది ఇందుకే. థైరాయిడ్ మాత్రకు ఇది బదులు కాదు. థైరాక్సిన్ వేసుకునేవాళ్లు దాన్ని మానకూడదు. ఇంకో సంగతి, ఇది బరువు తగ్గించదు. చెడు కొలెస్ట్రాల్ ఎల్‌డీఎల్ మాత్రం సుమారు 14 నుంచి 16 శాతం తగ్గింది.

మోతాదు బరువును బట్టి ఉంటుంది: 100 కిలోల లోపువాళ్లకు రోజుకు 80 మిల్లీగ్రాములు, 100 కిలోలు, అంతకు మించి ఉంటే 100 మిల్లీగ్రాములు. తిన్నా తినకపోయినా ఒకటే. మొదటి వారాల్లో విరేచనాలు, వికారం తరచుగా కనిపించాయి, కొందరికి దురద. పిత్తాశయంలో రాళ్ల ఇబ్బంది కూడా రావొచ్చు కాబట్టి కుడి పక్కటెముకల కింద గట్టిగా నొప్పి వస్తే ఆగకుండా చూపించుకోవాలి.

మన దగ్గర ముఖ్యంగా చూడాల్సింది పక్కన నడుస్తున్న మందులు. షుగరు, గుండె జబ్బు, ఫ్యాటీ లివర్ ఒకే మనిషిలో కలిసి వస్తాయి. గుండెకు స్టెంట్ వేయించుకుని క్లోపిడోగ్రెల్ వాడేవాళ్లలో రెస్మెటిరోమ్ రక్తంలో ఎక్కువగా నిలుస్తుంది, మోతాదు తగ్గించాలి: 80 ఇవ్వాల్సినచోట 60, 100 ఇవ్వాల్సినచోట 80. కొలెస్ట్రాల్ మాత్రలకూ హద్దు ఉంది. రోసువాస్టాటిన్ 20, అటోర్వాస్టాటిన్ 40 మిల్లీగ్రాములు దాటకూడదు. జెమ్‌ఫైబ్రోజిల్ అసలు కలపకూడదు. చీటీలన్నీ, షీట్లు కత్తిరించకుండా మందులన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లడం మంచిది.

అమెరికాలో ఈ మందు విడుదలైనప్పటి ధర ఏడాదికి 47,400 డాలర్లు, మన లెక్కలో దాదాపు 40 లక్షల రూపాయలు. ఇది విని చాలామంది నిరాశపడతారు. అయితే దారి ఇదొక్కటే కాదు. వారానికోసారి ఇంజెక్షన్‌గా తీసుకునే సెమాగ్లుటైడ్‌కు ఇదే ఎఫ్2, ఎఫ్3 దశలకు 2025 ఆగస్టులో ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. 72 వారాల పరిశోధనలో మచ్చ తగ్గినవాళ్లు 36.8 శాతం, ఉత్తుత్తి ఇంజెక్షన్‌తో 22.4 శాతం. అది బరువునూ షుగరునూ కూడా తగ్గిస్తుంది. మన దేశంలో సారోగ్లిటజార్ అనే మాత్రకు ఈ జబ్బుకు 2020లోనే అనుమతి ఉంది. చాలా చీటీల్లో కనిపించే ఉర్సోడియాక్సీకోలిక్ యాసిడ్ మాత్రం ఫ్యాటీ లివర్‌కు చెప్పుకోదగ్గ మేలు చేస్తుందని పరీక్షల్లో తేలలేదు. పసర్ల విషయంలో మరింత జాగ్రత్త. కోవిడ్ కాలంలో తిప్పతీగ వాడిన కొందరికి కాలేయం దెబ్బతిన్నట్టు ముంబై వైద్యులు 2021లో నమోదు చేశారు.

ఎఫ్0, ఎఫ్1లో ఉన్నవాళ్లకు ఈ మందుల అవసరమే లేదు. బరువు 5 శాతం తగ్గితే కొవ్వు తగ్గుతుంది, 7 శాతానికి వాపు తగ్గడం మొదలవుతుంది, 10 శాతం తగ్గితే మచ్చ కూడా వెనక్కి వెళ్లే అవకాశం ఉంది. 80 కిలోల మనిషికి 10 శాతమంటే 8 కిలోలు. జొన్నరొట్టె, కొర్రన్నం, రాగిసంగటి మంచివే, కానీ రెండు ముద్దల సంగటి తిన్నాక మళ్లీ కంచం నిండా అన్నం పెట్టుకుంటే లెక్క మారదు. శెనక్కాయల నూనె ఆరోగ్యకరమే అయినా పెద్ద చెంచాకు (టేబుల్‌స్పూన్) సుమారు 120 కేలరీలుంటాయి, ఇంటిల్లిపాదికీ నెలకు ఎన్ని లీటర్లు అవుతోందో చూసుకోవాలి. చక్కెర వేసిన టీ, కూల్‌డ్రింకులు ముందుగా ఆపాల్సినవి. మద్యం ఎంత తక్కువైనా మచ్చ ఉన్న కాలేయానికి మంచిది కాదు.

ఎఫ్4 అని తేలినవాళ్లు ఈ మాత్రకోసం తిరగొద్దు. సిర్రోసిస్ తొలి దశలో ఇది పనిచేస్తుందా అన్న పరిశోధన వేరుగా సాగుతోంది. పొట్టలో నీరు చేరిన దశలో అయితే దీన్ని వాడకూడదనే చెప్పారు. వాళ్లకు అంతకన్నా ముఖ్యమైనవి వేరే ఉన్నాయి. ఆరు నెలలకోసారి కాలేయానికి అల్ట్రాసౌండ్, దాంతోపాటు ఏఎఫ్‌పీ రక్త పరీక్ష, ఎందుకంటే లివర్ క్యాన్సర్‌ను చిన్నగా ఉన్నప్పుడే పట్టుకునే దారి అదే. అన్నవాహికలో నరాలు ఉబ్బాయేమో చూడటానికి ఎండోస్కోపీ అవసరమా అని డాక్టర్ని అడగాలి. నల్లగా తారులాంటి విరేచనం, రక్తపు వాంతి, మగతగా మాట్లాడటం వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి.