ఏ చోట నిలబడి పని చేస్తున్నారు?

పర్లాకిమిడి

చిరంజీవులైన మనవలకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న రాత్రి ఫోన్‌లో పెద్దవాడి గొంతు నిండా టెన్షన్. డాకర్‌ఫైల్‌లో (ప్రోగ్రాం నడవడానికి కావలసినవన్నీ ఇమేజ్ అనే ఒక మూటగా కట్టమని డాకర్‌కి రాసిచ్చే సూచనల ఫైల్) ఒక లైను 'రన్ సీడీ /యాప్' అని రాశాడట, దాని కింద 'రన్ ఎన్‌పీఎం ఇన్‌స్టాల్'. ఇన్‌స్టాల్ చేయాల్సిన ప్యాకేజీల జాబితా ఉండే ప్యాకేజ్ జేసన్ ఫైల్ దొరకలేదని ఎర్రర్. "ఫోల్డర్‌లోకి వెళ్లాను కదా తాతయ్యా, ఎందుకు కనబడదు?" అన్నాడు. ఫోన్‌లో సగమే చెప్పగలిగాను. మిగతాది నిదానంగా రాస్తున్నాను.

ప్రతి రన్ లైనుకీ ఒక కొత్త షెల్, అంటే మనం రాసిన ఆదేశాలు నడిపే ప్రోగ్రాం, మొదలవుతుంది. సీడీ అంటే ఆ షెల్ తాను నిలబడ్డ చోటు మార్చుకోవడం, అంతే. లైను అయిపోగానే షెల్ పోతుంది, దాంతో ఆ చోటూ పోతుంది. ఫైళ్లలో జరిగిన మార్పు మాత్రం ఇమేజ్‌లో ఒక పొరగా మిగులుతుంది. ఇల్లు కట్టేటప్పుడు చూశారుగా, నిన్నటి తాపీమేస్త్రీ లేపిన గోడ ఇవాళా ఉంటుంది. అతను ఏ గదిలో నిలబడి కట్టాడో ఇవాళ వచ్చిన కొత్త మేస్త్రీకేం తెలుసు? వీధి గుమ్మం దగ్గరే మొదలుపెడతాడు. ఇక్కడ ఆ గుమ్మం రూట్, అంటే ఒట్టి స్లాష్.

అందుకని, పని చేసే ఫోల్డర్ ఏదో చెప్పే 'వర్క్‌డిర్ /యాప్' అనే లైను రాయాలి. ఆ ఫోల్డర్ లేకపోతే అదే తయారుచేస్తుంది. దాని కింద వచ్చే రన్, కాపీ, యాడ్, సీఎండీ, ఎంట్రీపాయింట్ అనే ఆదేశాలన్నీ ఆ చోటు నుంచే నడుస్తాయి. ఆ ఇమేజ్ నుంచి నడిచే కంటైనర్ మొదలైనా అక్కడే మొదలవుతుంది.

'కాపీ . .' లో మొదటి చుక్క మీ కంప్యూటర్ నుంచి బిల్డ్‌కి, అంటే ఇమేజ్ తయారీకి, పంపిన ఫోల్డర్. రెండోది వర్క్‌డిర్. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో నేను ఒకసారి వర్క్‌డిర్ రాయకుండా ఈ లైను రాశాను. ఫైళ్లన్నీ రూట్‌లో పడ్డాయి. మా ప్రాజెక్టులోనూ 'ఈటీసీ' అనే ఫోల్డర్ ఉండటంతో అది సిస్టమ్ సెట్టింగులుండే ఈటీసీ ఫోల్డర్‌లో కలిసిపోయింది. ఏది మాదో ఏది సిస్టమ్‌దో తేల్చుకోవడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులు మీకు రాకూడదు.

వర్క్‌డిర్‌లో ఫోల్డర్ దారి ఎప్పుడూ స్లాష్‌తో మొదలుపెట్టండి. 'వర్క్‌డిర్ /యాప్' తర్వాత 'వర్క్‌డిర్ సోర్స్' అని రాస్తే అది /యాప్/సోర్స్ అవుతుంది. మన స్టేషన్‌లో ఉన్న చుట్టానికి "తర్వాతి స్టేషన్‌లో దిగు" అని చెప్పామనుకోండి, నౌపడ బండి ఎక్కితే పాతపట్నంలో దిగుతాడు, గుణుపురం బండి ఎక్కితే ఇంకెక్కడో. ఊరి పేరు చెబితే ఆ గొడవ లేదు. పైగా మీరు ఆధారంగా తీసుకున్న ఇమేజ్ ముందే ఒక వర్క్‌డిర్ పెట్టి ఉండొచ్చు. గో భాష అధికారిక ఇమేజ్ మిమ్మల్ని /గో లో నిలబెడుతుంది. మీరేమీ రాయకపోతే మీ ఫైళ్లు అక్కడికే చేరతాయి.

పెద్దవాడా, 'రన్ సీడీ /యాప్' తీసేసి ఆ చోట 'వర్క్‌డిర్ /యాప్' పెట్టు. దాని కింద ప్యాకేజ్ ఫైళ్లు కాపీ చెయ్యి, ఆ తర్వాత ఇన్‌స్టాల్, మిగతా కోడ్ చివర్న. అనుమానం వస్తే మధ్యలో 'రన్ పీడబ్ల్యూడీ' అని ఒక లైను రాసి, ప్రతి లైను చెప్పేది పూర్తిగా చూపించే ప్రోగ్రెస్ ప్లెయిన్ ఆప్షన్‌తో బిల్డ్ చెయ్యి. ఎక్కడున్నావో అదే చెబుతుంది. బిల్డ్ అయ్యాక ఎంత రాత్రయినా సరే ఫోన్ చెయ్యి.

ఇట్లు,
తాతయ్య