ఇల్లు మంజూరైతే డబ్బు వచ్చినట్టేనా? పేదల ఇళ్ల నిధులపై అపోహలు - వాస్తవాలు

పేదల ఇళ్ల పథకాల్లో క్షేత్రస్థాయి ఇంజినీరుగా పనిచేస్తున్నాను. కొలతలు తీయడం, ఏ దశ పూర్తయిందో చూసి బిల్లుకు పంపడం నా పని. ఇసుక ధర, మేస్త్రీ కూలి తెలిసిన కుటుంబాలు కూడా ప్రభుత్వ డబ్బు ఏ దారిన, ఎప్పుడు వస్తుందో తెలియక అప్పుల్లో కూరుకుపోతున్నాయి. ఆ దారి ముందే తెలిస్తే సగం ఇబ్బంది తప్పుతుందని నా నమ్మకం.

అపోహ: మంజూరు పత్రం చేతికి వస్తే డబ్బు ఖాతాలో పడుతుంది.

పడదు. పని ముందు, బిల్లు తర్వాత. తెలంగాణలో ఇందిరమ్మ ఇంటికి ఇచ్చే 5 లక్షల రూపాయల్లో మొదటి లక్ష బేస్‌మెంట్ పూర్తయ్యాకే వస్తుంది. గోడలకు, స్లాబుకు కలిపి 3 లక్షలు, మిగిలిన లక్ష ఇల్లు పూర్తయ్యాక. అంటే ముగ్గు పోసిన రోజు నుంచి తవ్వకం, కాంక్రీటు, స్టీలు, ప్లింత్ బీము, మట్టి నింపడం వరకు అంతా కుటుంబమే ముందుగా భరించాలి. పైగా గట్టి నేలలో పునాదికి అయ్యే ఖర్చు ఒకటి, నల్లరేగడిలో అయ్యే ఖర్చు మరొకటి. బిల్లు మాత్రం రెండింటికీ ఒక్కటే.

చేతిలో కొంత డబ్బున్న కుటుంబం వెంటనే మొదలుపెడుతుంది. రోజూ కూలికి వెళ్తే తప్ప గడవని కుటుంబం ముగ్గు దగ్గరే ఆగిపోతుంది. పేదల కోసం పెట్టిన పథకంలో అందరికన్నా పేదవారే వెనకబడటానికి నేను చూసినంతలో అసలు కారణం ఇదే. అలాంటి వారిని ‘ఆసక్తి లేని లబ్ధిదారులు’ అని జాబితాలో రాయడం అన్యాయం. వారికి లేనిది మొదటి పెట్టుబడి. ఆంధ్రప్రదేశ్‌లో జగనన్న కాలనీల సమయంలో 1.80 లక్షల సాయానికి తోడు 20 టన్నుల ఇసుక ఉచితంగా ఇచ్చారు, పావలా వడ్డీకి 35 వేల రూపాయల రుణం ఇప్పించారు. ఆ మొత్తం ఇంటికి చాలుతుందని నేను అనను. కానీ పని మొదలయ్యేందుకు అలాంటి ఆసరాయే కావాలి. మీ ఇంట్లో ఎవరైనా స్వయం సహాయక సంఘంలో ఉంటే ముగ్గు పోయకముందే సంఘం రుణం గురించి అడగండి. వడ్డీ వ్యాపారి దగ్గరికి చివరి దారిగా కూడా వెళ్లవద్దు. వారానికో వాయిదా కట్టే అప్పుతో పునాది లేపిన ఇంట్లో ఆ తర్వాత స్లాబు బిల్లు కూడా వడ్డీకే పోతుంది.

అపోహ: నా ఇల్లు ఆగితే నష్టం నాకొక్కడికే.

ఈ సంగతి మా శాఖ బయట చాలామందికి తెలియదు, అందుకే వివరంగా చెబుతాను. 2015 జూన్‌లో మొదలైన పట్టణ ప్రధానమంత్రి ఆవాస్ యోజనలో కేంద్రం తన వాటాను రాష్ట్రానికి 40, 40, 20 శాతాల చొప్పున మూడు విడతల్లో ఇస్తుంది. మొదటి విడతలో కనీసం 70 శాతం ఖర్చయినట్టు వినియోగ పత్రాలు పంపితేనే రెండో విడత కదులుతుంది. ఒకే మంజూరు జాబితాలో ఉన్న ఇళ్లలో ఎక్కువ భాగం మొదలు కాకపోతే ఆ జాబితా మొత్తానికి లెక్క కుదరదు. స్లాబు వేసుకుని బిల్లు కోసం ఎదురుచూస్తున్న పొరుగింటి ఆమెకు ఆలస్యం ఎందుకవుతుందో కార్యాలయంలో ఎవరూ విడమరిచి చెప్పరు. ఆమె మాత్రం ఎవరో తన డబ్బు తినేశారని అనుకుంటుంది. కాబట్టి ఏ కారణం చేతనైనా కట్టుకోలేమని తేలితే ఆ మాట రాతపూర్వకంగా ముందే చెప్పడం ఊరికి మేలు.

అపోహ: ఇదంతా ఢిల్లీ డబ్బే. లేదా, ఇదంతా మన రాష్ట్రం డబ్బే.

రెండు వాదనలూ ఎన్నికల సభల్లో వినిపిస్తాయి. లెక్క మాత్రం ఇది. గ్రామీణ ఆవాస్ యోజనలో మైదాన ప్రాంతపు ఇంటికి 1.20 లక్షలు. అందులో కేంద్రం 60 శాతం అంటే 72 వేలు, రాష్ట్రం 48 వేలు. ఉపాధి హామీ కింద 90 రోజుల కూలి, మరుగుదొడ్డికి 12 వేలు విడిగా వస్తాయి. పట్టణ పథకంలో సొంత స్థలంలో కట్టుకునే ఇంటికి కేంద్రం వాటా 1.50 లక్షలు. 2024లో మొదలైన దాని రెండో దశలో రాష్ట్రం కనీసం లక్ష కలపాలి. ఆ పైన ఎంత కలపాలన్నది రాష్ట్రం ఇష్టం, స్తోమత.

గ్రామాల్లో ఆ 1.20 లక్షలు 2016లో నిర్ణయించిన మొత్తం. 2024లో మరో 2 కోట్ల ఇళ్లకు పథకాన్ని పొడిగించినప్పుడు కూడా దాన్ని పెంచలేదు. ఈలోగా సిమెంటు, స్టీలు, కూలి ధరలు ఎక్కడికి చేరాయో ఇల్లు కట్టిన ఎవరినడిగినా చెబుతారు. ఇళ్ల సంఖ్య పెంచి ఇంటికిచ్చే డబ్బు అలాగే ఉంచితే మిగతా భారమంతా కుటుంబం అప్పుగా మారుతుంది. ఈ విషయంలో నాకు వేరే అభిప్రాయం లేదు.

అపోహ: హడ్కో ఇచ్చింది అంటే ఉచితంగా వచ్చినట్టే.

1970లో ఏర్పడిన హడ్కో రుణం ఇచ్చే సంస్థ. తెలంగాణలో రెండు పడక గదుల ఇళ్లకు రాష్ట్ర గృహ నిర్మాణ సంస్థ అక్కడి నుంచి రుణాలు తీసుకుంది. అసలూ వడ్డీ తీర్చేది రాష్ట్ర ఖజానాయే. కేంద్రమూ 2018లో జాతీయ పట్టణ గృహనిర్మాణ నిధి పేరుతో 60 వేల కోట్ల రూపాయల వరకు బడ్జెట్ వెలుపల సమకూర్చుకునేందుకు ఆమోదం తెలిపింది. అప్పు చేసి పేదలకు ఇళ్లు కట్టడాన్ని నేను తప్పు పట్టను. యాభై ఏళ్లు నిలిచే ఆస్తికి ఇరవై ఏళ్ల అప్పు సబబే. కట్టిన ఇల్లు ఖాళీగా పడి ఉంటేనే అది దండగ.

అపోహ: అపార్ట్‌మెంటు లేచిందంటే ఇల్లు సిద్ధమైనట్టే.

ఆంధ్రప్రదేశ్‌లో పట్టణ పేదల కోసం టిడ్కో అనే ప్రభుత్వ సంస్థ ఇళ్లను 300, 365, 430 చదరపు అడుగుల్లో, జీ ప్లస్ 3 (కింది అంతస్తు, పైన మరో మూడు) భవనాలుగా కట్టించింది. చాలా పట్టణాల్లో భవనాలు ముందే లేచాయి. మంచినీటి లైను, మురుగు కాలువ, రోడ్డు, విద్యుత్ వెనకబడ్డాయి. పెద్ద సైజుల ఇళ్లకు లబ్ధిదారుల పేరిట బ్యాంకు రుణం ఉంటుంది కాబట్టి తాళం చేతికి రాకముందే వాయిదా గడువు వచ్చే పరిస్థితి తలెత్తింది. గోడలకు, మౌలిక వసతులకు నిధులు వేర్వేరు పద్దుల నుంచి, వేర్వేరు సమయాల్లో రావడం దీనికి మూలం. నీళ్ల పద్దు ఖరారయ్యేదాకా పునాదికి అనుమతి ఇవ్వకూడదన్నది నా గట్టి అభిప్రాయం.

అపోహ: ఎలాగూ కడుతున్నాం, ఇంకో గది కలిపితే పోయేదేముంది?

ఇందిరమ్మ ఇల్లు 400 చదరపు అడుగులకు తగ్గకూడదు, 600 మించకూడదు. మించితే బిల్లు ఆగిపోతుంది. పిల్లర్లు వేశాక నేను వచ్చి చెప్పినా లాభం ఉండదు. ముగ్గు పోసే రోజే కొలత రాయించుకోండి.

అపోహ: గృహరుణం మీద వడ్డీ రాయితీ ఒకేసారి 2.67 లక్షలు వస్తుంది.

అది పాత పథకం, 2022 మార్చి 31తో ముగిసింది. 2024 సెప్టెంబరులో మొదలైన పట్టణ ఆవాస్ యోజన రెండో దశలో రాయితీ గరిష్ఠంగా 1.80 లక్షలు, అదీ ఐదు వార్షిక వాయిదాల్లో. వార్షికాదాయం 9 లక్షల లోపు ఉండాలి, రుణం 25 లక్షలు, ఇంటి విలువ 35 లక్షలు దాటకూడదు. గత 20 ఏళ్లలో ఏ ప్రభుత్వ పథకంలోనైనా ఇల్లు పొందినవారు ఈ రెండో దశకు అర్హులు కారు.

అపోహ: బిల్లు పడలేదంటే ఎవరికో ముట్టజెప్పాలి.

ముందు మీ ఆధార్ ఏ బ్యాంకు ఖాతాకు అనుసంధానమై ఉందో చూసుకోండి. ఎప్పుడో తెరిచి మరిచిపోయిన ఖాతాలోకి డబ్బు వెళ్లిన సందర్భాలు ఉన్నాయి. మంజూరు పత్రంలో పేరుకు, ఆధార్‌లో పేరుకు తేడా ఉన్నా చెల్లింపు ఆగుతుంది. ఇవి రెండూ సరిగా ఉంటే మీ ఇంటి ఫొటో ఏ దశ కింద నమోదైందో అడగండి. స్లాబు పూర్తయినా రికార్డులో గోడల దశే ఉంటే ఇంజినీరును మళ్లీ పిలిపించి ఫొటో తీయించుకోవచ్చు. దీనికి రుసుము ఏమీ లేదు.