నివురుగప్పిన నిప్పు మీద రొట్టె

నెగడు మీద కాల్చిన రొట్టె ఎక్కువసార్లు ఒకే తీరున చెడుతుంది. పైన బొగ్గు, లోపల పచ్చిపిండి. వేడి చాలలేదనుకుని నాలుగు పుల్లలు ఎగదోస్తే పైభాగం మరింత త్వరగా మాడుతుంది, లోపల పచ్చి మాత్రం అలాగే ఉండిపోతుంది. నెగడుకు వేడి కొరత ఎన్నడూ ఉండదు. ఆ వేడి పిండి నడిమికి చేరేదాకా పైభాగం మాడకుండా కాపాడుకోవడమే ఇందులో అసలు పని.

పిండిముద్దలో వేడి చాలా నిదానంగా పాకుతుంది. మందం రెట్టింపైతే మధ్యకు వేడి చేరే సమయం రెట్టింపు కాదు, సుమారు నాలుగు రెట్లవుతుంది. వేలెడు మందాన ఒత్తిన పిండి పది నిమిషాల్లో కాలితే, అదే సెగ మీద పిడికిలంత ముద్ద గంటకు కూడా కాలదు. నిప్పును అదుపు చేయడం కష్టం కానీ మందం పూర్తిగా మన చేతిలోనిది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముందు పలచగా ఒత్తడం నేర్చుకోవాలి.

60 డిగ్రీల సెల్సియస్ దాటాక గింజలోని పిండిపదార్థం నీరు పీల్చి ఉబ్బుతుంది. 70–80 డిగ్రీల దగ్గర గ్లూటెన్ (గోధుమలోని సాగే ప్రొటీన్) గట్టిపడి బుడగల గోడలు నిలబడతాయి. నడిమి భాగం 95 డిగ్రీలకు చేరితే రొట్టె అయినట్టే. తడి ఉన్నంతసేపు అక్కడ వేడి 100 దాటదు. పైపెచ్చు సంగతి వేరు. అక్కడ తడి ఆరిపోగానే వేడి గబగబా ఎగబాకుతుంది. 140 డిగ్రీల చుట్టుపక్కల చక్కెరలు, ప్రొటీన్లు కలిసి ఎర్రటి రంగునూ కమ్మటి వాసననూ పుట్టిస్తాయి. దీన్నే మయార్ చర్య అంటారు. 200 బాగా దాటితే ఆ ఎరుపు నలుపవుతుంది. మంట పక్కన ఎరుపుకీ నలుపుకీ మధ్య ఒక్కోసారి నిమిషం కూడా ఉండదు.

అందుకే మంట మీద కాల్చకూడదు. మంట గాలికి ఊగుతుంది, మసి పట్టిస్తుంది, ఒకచోట నాకి ఇంకోచోట వదిలేస్తుంది. కావలసింది నివురుగప్పిన నిప్పు. పైన పలచటి బూడిద పొర, కింద ఎర్రటి కణికలు ఉన్నప్పుడు సెగ నిలకడగా, నలువైపులా సమంగా వస్తుంది. చేవగల గట్టి కట్టె ముప్పావు గంట నుంచి గంట మండితే ఈ స్థితికి వస్తుంది. మెత్తటి కట్టె త్వరగా బూడిదవుతుంది, జిగురున్న కట్టె మసినీ చేదునూ అంటిస్తుంది. రంగు వేసినవీ మందు పట్టించినవీ అయిన పాత చెక్కలు అసలే వద్దు, వాటి పొగ విషం. నెగడును ఒక పక్క మండనిస్తూ, తయారైన నిప్పులను కర్రతో రెండో పక్కకు లాగుతూ ఉంటే వంట మధ్యలో సెగ తగ్గిపోదు.

సెగ కొలవడానికి అరచేయి చాలు. నిప్పులకు జానెడు కంటే కాస్త తక్కువ ఎత్తున, సుమారు 15 సెం.మీ. పైన, చేయి చాచి లెక్కపెట్టాలి. రెండు అంకెలకే వెనక్కి లాక్కోవలసి వస్తే రొట్టెకు అది మరీ ఎక్కువ. నాలుగైదు దాకా ఓర్చుకోగలిగితే సరైన సెగ. ఏడెనిమిది దాటినా చేయి హాయిగా ఉందంటే, రొట్టె కాలేలోపు ఎండిపోతుంది.

పిండికి కొలతలు: మైదా 250 గ్రాములు, బేకింగ్ పౌడర్ రెండున్నర టీస్పూన్లు, ఉప్పు అర టీస్పూను, వెన్న లేదా నూనె రెండు టేబుల్ స్పూన్లు, నీళ్లు 140–150 మి.లీ. ముందు పొడి సరుకులను కలిపి, వెన్నను వేళ్లతో నలుపుతూ పిండికి పట్టించాలి. నీళ్లు మూడొంతులు పోసి కలిపాక, మిగిలినవి చెంచాల లెక్కన చేర్చాలి. జారుగా అయిన పిండిని బాగుచేయడానికి ఆరుబయట అదనపు పిండి ఉండదు. మైదాలో సగానికి బదులు గోధుమపిండి వేస్తే నీళ్లు ఇంకో 20–30 మి.లీ. పడతాయి, తవుడు తడిని ఎక్కువ పీలుస్తుంది కాబట్టి.

ఈ పిండిని ఎక్కువ పిసకకూడదు. నీళ్లు తగిలి మర్దన జరిగేకొద్దీ గ్లూటెన్ పోగులు బిగుసుకుంటాయి. ఈస్ట్ రొట్టెకు ఆ సాగుడు కావాలి, ఎందుకంటే అందులో వాయువు గంటల తరబడి పుడుతుంది. బేకింగ్ పౌడర్ వాయువు నిమిషాల్లో వచ్చిపోతుంది. బిగుసుకున్న పిండిని అది ఎత్తలేదు. ముద్ద కుదిరేదాకా అర నిమిషం కలిపితే చాలు. బేకింగ్ పౌడర్‌లో వంట సోడా, పొడి ఆమ్లం ఉంటాయి. తడి తగలగానే కార్బన్ డయాక్సైడ్ పుట్టడం మొదలవుతుంది, చాలా రకాల్లో రెండో విడత వేడి తగిలాక వస్తుంది. కాబట్టి నిప్పులు సిద్ధమయ్యాకే నీళ్లు పోయాలి. కలిపిన ముద్దను అరగంట పక్కన పెడితే మొదటి విడత వాయువంతా వృథా. బేకింగ్ పౌడర్ పనిచేస్తుందో లేదో బయలుదేరేముందే చూసుకోవాలి. వేడినీళ్లలో చెంచాడు వేస్తే బుసబుస పొంగాలి. దానికి బదులు వంట సోడా ఒక్కటే వేస్తే, పుల్లటిదేదీ కలవనందువల్ల రొట్టె సబ్బు రుచి వస్తుంది.

కర్రకు చుట్టి కాల్చడం చూడ్డానికి సులువుగా ఉంటుంది గానీ ఓపిక కోరుతుంది. బొటనవేలి మందం, మీటరు పొడవున్న పచ్చి కర్ర తీసుకుని బెరడు చెక్కాలి. గన్నేరు పూర్తిగా విషమొక్క, దాని కొమ్మ వాడకూడదు. గుర్తుపట్టలేని ఏ చెట్టుకైనా అదే నియమం. పిండి చుట్టేముందు కర్ర కొసను నిప్పుల మీద వేడి చేయాలి, లేకపోతే కర్రను అంటుకున్న లోపలి పొర పచ్చిగా మిగులుతుంది. పిండిని చిటికెన వేలంత తాడుగా చేసి, చుట్టుకూ చుట్టుకూ మధ్య సెంటీమీటరు ఖాళీ వదులుతూ చుట్టాలి. ఆ ఖాళీలో పిండి పొంగుతుంది, సెగ దూరుతుంది. ఆపకుండా తిప్పుతూ పది పన్నెండు నిమిషాలు కాల్చాలి. మెల్లగా మెలిపెడితే కర్ర నుంచి ఊడి వచ్చిందంటే లోపల కాలినట్టు.

నమ్మదగింది మాత్రం పెనం పద్ధతి. మందపాటి ఇనుప పెనానికి నూనె రాసి, పిండిని 2 సెం.మీ. మందాన బిళ్లగా ఒత్తి, తక్కువ సెగ మీద ఐదారు నిమిషాలు ఉంచాలి. అడుగు గట్టిపడి, రొట్టె పెనంలో కదిలితే దాన్ని తిరగేయనక్కర్లేదు. పెనాన్నే నిప్పులకు ఎదురుగా ఏటవాలుగా నిలబెట్టి, వెనక రాయి ఆనించాలి. అప్పుడు పైభాగం నేరుగా సెగ కాగుతుంది, అడుగు ఇక మాడదు. రెండు మూడు నిమిషాలకోసారి రొట్టెను పావు చుట్టు తిప్పుతూ మరో పది నిమిషాలు ఉంచితే చాలు. ఆ రాయి ఏటి ఒడ్డున ఏరింది కాకూడదు. లోపల చిక్కుకున్న నీరు ఆవిరై అలాంటి రాళ్లు పేలిపోతాయి.

ఎత్తు రొట్టె కావాలంటే మూతకు అంచున్న బరువైన ఇనుప గిన్నె ఉండాలి, అప్పుడు పైకొలతలు రెట్టింపు చేయొచ్చు. 30 సెం.మీ. గిన్నెకు, అచ్చులో నొక్కి చేసిన బొగ్గు బిళ్లలు 24 పెడితే లోపల దాదాపు 175 డిగ్రీలు వస్తుంది. ఎనిమిది కింద, పదహారు మూత మీద పెట్టాలి. అడుగు వేడి లోహం గుండా నేరుగా రొట్టెకు ఎక్కుతుంది, మూత వేడి మధ్యనున్న గాలిని దాటి రావాలి, అందుకే ఈ తేడా. కింది బిళ్లలను అంచు వెంట వలయంగా పేర్చి నడుమ ఖాళీ ఉంచాలి. పది నిమిషాలకోసారి గిన్నెను ఒకవైపు, మూతను ఎదురువైపు పావు చుట్టు తిప్పితే గాలి వాలున పడే మాడుమచ్చ తప్పుతుంది. 35–40 నిమిషాలు పడుతుంది. మధ్యలో మూత తీసి చూసినప్పుడల్లా కూడిన వేడి పోతుంది. బూడిద మందంగా పేరుకుంటే దులపాలి, పలచని పొర సెగను సమం చేస్తుంది గానీ మందపు పొర అడ్డుకుంటుంది.

కొండల మీద నీరు తక్కువ వేడికే మరుగుతుంది, ప్రతి 300 మీటర్లకు సుమారు ఒక డిగ్రీ తగ్గుతుంది. అక్కడ నడిమి భాగం 95 డిగ్రీలకు చేరకపోవచ్చు కాబట్టి థర్మామీటర్ అంకె కోసం చూడక ఎక్కువసేపు కాల్చాలి. బయట గాలి ఒత్తిడి తక్కువై బుడగలు ఎక్కువగా ఉబ్బి కూలతాయి, బేకింగ్ పౌడర్ కొంత తగ్గించాలి.

అయిందో లేదో తెలియాలంటే అడుగున వేలితో తట్టాలి. డొల్లగా మోగాలి. సన్నటి పుల్ల గుచ్చితే తడి అంటకుండా రావాలి. దింపాక పది నిమిషాలు ఆగాలి. లోపలి వేడి ఇంకా పని చేస్తూనే ఉంటుంది, ఉబ్బిన పిండిపదార్థం చల్లారుతూ కుదురుకుంటుంది. పొగలు కక్కుతుండగా కోస్తే బాగా కాలిన రొట్టె కూడా కత్తికి బంకలా అంటుకుంటుంది. నిప్పు ఆర్పడం మొదలుపెట్టడానికి ఆ పది నిమిషాలు పనికొస్తాయి. నీళ్లు పోసి, కర్రతో కలిపి, మళ్లీ పోయాలి. బూడిద చేత్తో పట్టుకోగలిగేంత చల్లబడేదాకా అక్కడి నుంచి కదలకూడదు. చలిగా ఉందని మిగిలిన నిప్పులను గుడారంలోకి తీసుకెళ్లడం ప్రాణాంతకం. వాటి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు.