ఆత్మ మనకి, యంత్రం వాళ్లకి: ఈ పంపకం ఎప్పుడు జరిగింది?

‘తూర్పు దేశాలది ఆధ్యాత్మికత, పడమటి దేశాలది భౌతికవాదం’ అనే మాట మన సభల్లో, పాఠ్యపుస్తకాల్లో, వాట్సాప్ ఫార్వర్డుల్లో వేదవాక్కులా చెలామణీ అవుతూ ఉంటుంది. 2020 జాతీయ విద్యా విధానం తర్వాత యూనివర్సిటీల్లో భారతీయ జ్ఞాన పరంపర పేరుతో కోర్సులు మొదలయ్యాక దానికి మళ్లీ గిరాకీ వచ్చింది. ఆ కోర్సుల్ని మెచ్చుకునేవాళ్లూ వెక్కిరించేవాళ్లూ కూడా ఈ పంపకాన్ని ఒప్పుకునే వాదన మొదలుపెడతారు. చిత్రమేమిటంటే ఇది అనాదిగా వస్తున్నదేమీ కాదు. దీని వయసు రెండు వందల ఏళ్లకు కాస్త అటూ ఇటూ. పైగా దీన్ని తయారుచేసింది ఒక్క పక్షం కాదు, ఇద్దరూ కలిసే చేశారు.

అంతకుముందు పరిస్థితి ఎలా ఉండేదో ఒక పుస్తకం ప్రయాణం చూస్తే తెలుస్తుంది. 1657లో మొగలు యువరాజు దారా షికో కాశీ పండితుల సాయంతో యాభై ఉపనిషత్తుల్ని పారసీలోకి తెచ్చాడు. ఖురాన్‌లో ప్రస్తావించిన ‘దాచి ఉంచిన గ్రంథం’ ఇవేనని ఆయన నమ్మకం. రెండేళ్లకే తమ్ముడు ఔరంగజేబు ఆయన్ని చంపించాడు. పుస్తకం మాత్రం బతికింది. దాని రాతప్రతి వందేళ్లు దాటాక పారిస్‌లో ఆంకెటీల్ దుపెరాన్ అనే పండితుడికి చేరింది. ఆయన దాన్ని లాటిన్‌లోకి మార్చి 1801-02లో అచ్చు వేయించాడు. 1814లో ఆ లాటిన్ ప్రతి, తర్వాత పెద్ద తత్వవేత్త అయిన షోపెన్‌హావర్ అనే జర్మన్ కుర్రాడి చేతిలో పడింది. బతికినంత కాలం తనకు ఊరట ఇచ్చింది ఇదే, చావులోనూ ఇదే ఇస్తుందని ఆయన తర్వాత రాసుకున్నాడు. ఈ రోజు ‘తూర్పు ఆత్మ’ అని చూపించే ఉపనిషత్తులు ఐరోపాకు చేరింది ఒక ముస్లిం యువరాజు పుణ్యాన, పారసీ దారిలో.

ఐరోపాలో కూడా తత్వశాస్త్ర చరిత్ర రాసేవాళ్లు అప్పటిదాకా ఈజిప్టు, కల్దియా, పర్షియా, ఇండియాల ఊసు ఎత్తి గానీ గ్రీకుల దగ్గరికి వచ్చేవాళ్లు కాదు. పద్దెనిమిదో శతాబ్దం చివర జర్మనీలో ఈ పద్ధతి మారింది. టెనెమాన్ లాంటి చరిత్రకారులు నేరుగా గ్రీసుతో మొదలుపెట్టారు. 1820ల్లో బెర్లిన్‌లో పాఠాలు చెప్పిన జర్మన్ తత్వవేత్త హెగెల్ దానికి రాజముద్ర వేశాడు: అసలు తత్వశాస్త్రం గ్రీసులోనే పుట్టింది, తూర్పుది వట్టి పీఠిక. తెలియక అన్నాడా అంటే అదీ కాదు. సాంఖ్య, న్యాయ దర్శనాల మీద ఇంగ్లీషు సంస్కృత పండితుడు కోల్‌బ్రూక్ రాసిన వ్యాసాలు ఆయన చదివాడు, పాఠాల్లో వాడుకున్నాడు కూడా. అయినా తీర్పు మారలేదు. గ్రీసు నుంచి జర్మనీకి గీసిన ఈ గీతలో గ్రీకు గ్రంథాల్ని అరబ్బీలోకి తెచ్చిన బాగ్దాద్ అనువాదకులకూ, కొర్డోబాలో కూర్చుని అరిస్టాటిల్‌కి వ్యాఖ్యానాలు రాసిన ఇబ్న్ రుష్ద్‌కూ దక్కింది పోస్ట్‌మ్యాన్ ఉద్యోగం. ఉత్తరం అందించారు, అంతే.

మన దేశంలో కథ ఇంకో రకంగా నడిచింది. కలకత్తాలో సంస్కృత కళాశాల పెడతామని కంపెనీ ప్రభుత్వం అంటే, వద్దని 1823లో గవర్నర్ జనరల్ ఆమ్‌హర్స్ట్‌కి లేఖ రాసింది రామ్మోహన్ రాయ్. గణితం, రసాయనశాస్త్రం, శరీర నిర్మాణశాస్త్రం నేర్పండి, వేదాంతంతో పిల్లలు బాగుపడరు అన్నాడు. వేదాంతాన్ని స్వయంగా బెంగాలీలోకి, ఇంగ్లీషులోకి తెచ్చిన మనిషి ఆయన! 1835లో మెకాలే, మంచి ఐరోపా లైబ్రరీలో ఒక్క అర చాలు, ఇండియా, అరబ్బుల సాహిత్యమంతా దానికి సరిపోదు అని తేల్చేశాడు. ఈ అవమానం చాలాకాలం సలిపింది.

దానికి మనవాళ్లు వెతుక్కున్న జవాబు తెలివైనదే: రైళ్లు, తుపాకులు, కార్ఖానాలు మీవి, ఆత్మ విషయంలో మాత్రం గురువులం మేమే. హెగెల్ గీసిన గీత అలాగే ఉంది, మార్కులు మాత్రం తిరగబడ్డాయి. 1893లో షికాగో సర్వమత సభకు వెళ్లిన వివేకానందుడు ఈ జవాబుకి ప్రతీక అయ్యాడు. కానీ అదే సభలో సెప్టెంబర్ 20న, తూర్పు దేశాలకు మతం ఇప్పటికే కావలసినంత ఉంది, వాళ్లు అడుగుతున్నది తిండి అని చెప్పిందీ ఆయనే. ఆ మాట పోస్టర్ల మీదికి ఎక్కలేదు.

మన సర్వేపల్లి రాధాకృష్ణన్ కథ కూడా ఇదే తీగకు చెందింది. మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో చదివేటప్పుడు, వేదాంతంలో నీతికి చోటు లేదన్న మిషనరీల విమర్శ ఆయన్ని బాగా కుదిపింది. 1908లో ఎం.ఏ. కోసం వేదాంత నీతి మీద రాసిన సిద్ధాంత వ్యాసం దానికి సమాధానమే. ఆంధ్ర విశ్వవిద్యాలయం వైస్ చాన్సలర్‌గా అయిదేళ్లు పనిచేసి, 1936లో ఆక్స్‌ఫర్డ్‌లో కొత్తగా పెట్టిన ప్రాచ్య మతాల పీఠానికి వెళ్లాడు. పడమటి క్లాసురూముల్లో భారతీయ తత్వానికి కుర్చీ వేయించిన ఘనత ఆయనది. అయితే వాళ్లు అడిగిన ప్రశ్నకే జవాబు చెప్పుకుంటూ పోవడంతో అద్వైతం ముందుకొచ్చి, తర్కం, ఏది నిజమో ఎలా తెలుస్తుందో చర్చించే ప్రమాణశాస్త్రం, చార్వాకం వెనక బెంచీకి వెళ్లాయని నాకనిపిస్తుంది.

ఈ జవాబు తూర్పులో అందరికీ రుచించిందనుకోకండి. 1924లో రవీంద్రనాథ్ ఠాగూర్ చైనాకు వెళ్లి ఆసియా ఆత్మశక్తి గురించి ప్రసంగిస్తే, పెకింగ్‌లో కొందరు విద్యార్థులు నిరసన కరపత్రాలు పంచారు. వాళ్లకు అప్పుడు కావలసింది వేరు. మరో రెండు మూడేళ్లకు హూ షి అనే చైనా తత్వవేత్త హార్బిన్ నగరంలో ఒక సంగతి గమనించాడు. రష్యన్లు కట్టిన పేటలో మనిషి లాగే రిక్షాలు నిషిద్ధం, అక్కడ తిరిగేవి మోటారు కార్లు. పక్కనే చైనావాళ్ల పేటలో రిక్షాలే. తూర్పుకీ పడమటికీ సరిహద్దు తనకు అక్కడ దొరికిందన్నాడు హూ షి. మనిషిని పశువులా బండికి కట్టే నాగరికతను ఆధ్యాత్మికం అని ఎలా అంటారని ఆయన ప్రశ్న.

మన దగ్గర ఈ ప్రశ్నను సూటిగా అడిగింది జైపూర్‌లో పనిచేసిన తత్వవేత్త దయాకృష్ణ. భారతీయ తత్వం అంటే ఆధ్యాత్మికతే అన్నది ఒక కట్టుకథ అని 1960ల్లోనే రాశాడు. కాదనేవాళ్లు తర్కం నేర్పే చిన్న పుస్తకం తర్కసంగ్రహం తెరిచి చూడవచ్చు. పదిహేడో శతాబ్దంలో దాన్ని రాసిన అన్నంభట్టు తెలుగుదేశం నుంచి కాశీ వెళ్లినవాడని ప్రతీతి. కాశీకి పోయినంత మాత్రాన ప్రతివాడూ అన్నంభట్టు అయిపోడన్న సామెత ఆయన మీదే పుట్టింది. తర్కసంగ్రహంలో ఆత్మ తొమ్మిది ద్రవ్యాల్లో, అంటే లోకంలోని మూల వస్తువుల్లో, ఎనిమిదోది. మొదటిది మట్టి. కొండ మీద పొగను చూసి నిప్పుందని ఎలా చెప్పగలమో, దానికి వంటిల్లు ఎలా ఉదాహరణ అవుతుందో, మడుగు ఎందుకు కాదో ఓపిగ్గా వివరిస్తాడు. మోక్షం కోసం వచ్చినవాడికి ముందు ఈ లెక్క తేలాలి.

దయాకృష్ణ, ఆయన మిత్రులు 1983లో పుణెలో సంప్రదాయ పండితుల్నీ యూనివర్సిటీ ప్రొఫెసర్లనీ ఒకచోట కూర్చోబెట్టి, ఇంగ్లీషు తత్వవేత్త బెర్ట్రాండ్ రసెల్ తర్కాన్ని సంస్కృతంలో వాళ్ల ముందు పెట్టారు. పండితులు దాన్ని పూజించలేదు, తోసిపుచ్చనూ లేదు, లోపాలు పట్టారు. ఆ చర్చల వరసలోనే కాశీ నైయాయికుడు, అంటే న్యాయ దర్శన పండితుడు, బదరీనాథ శుక్ల ఇంకో అడుగు ముందుకేశాడు. దేహానికి వేరుగా ఆత్మ అక్కర్లేదని, న్యాయ దర్శనం చట్రంలోనే దేహాన్నే ఆత్మగా నిలబెట్టవచ్చని వాదించాడు. అదీ నిఖార్సయిన సంప్రదాయ పద్ధతిలో, పూర్వపక్షం, అంటే ఎదుటివాడి వాదన, ముందు చెప్పి, ఒక్కో ఆక్షేపణకీ సమాధానమిస్తూ.